రిపోర్టులో ‘గడ్డ లేదు’ అన్న మాట గురించి

సంపాదకుల వారికి,

నమస్కారం. గుండె ఆపరేషన్ జరుగుతుండగా లోపల అనుకోకుండా నెత్తురు గడ్డ బయటపడిందనీ, డాక్టర్లు దాన్ని తీసేసి ప్రాణం నిలిపారనీ పత్రికల్లో అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. చదివినవాళ్లు సంతోషిస్తారు, సంతోషించాల్సిందే. ఆ పనిలో ఉన్నవాళ్లం కాబట్టి మాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఆ గడ్డ ఎవరి కంటా పడకుండా ఆపరేషన్ బల్ల దాకా ఎలా వచ్చింది? విశాఖలో గుండె ఆపరేషన్‌కు వచ్చేవాళ్లు నగరం నుంచే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, పాడేరు వైపు నుంచీ, ఒడిశాలోని కోరాపుట్, మల్కనగిరి నుంచీ వస్తారు. ప్రతి ఒక్కరి ఫైల్లోనూ ఒక ఎకో రిపోర్టు, అంటే ధ్వని తరంగాలతో గుండె బొమ్మ తీసి చూసిన రిపోర్టు, ఉంటుంది. దాని అడుగున ‘గడ్డ లేదు’ అని ఉంటుంది. ఆ రెండు మాటల మీదే ఈ ఉత్తరం.

ఛాతీ మీద ప్రోబ్ ఆనించి చేసే మామూలు ఎకోతో, చాలామందిలో, ఆ మాట అనడానికి వీల్లేదు. ‘కనిపించలేదు’ అని రాయాలి. ఎందుకంటే గడ్డలు ఎక్కువగా కట్టే ఎడమ కర్ణిక (ఎడమ వైపు పై గది) గుండెలో అన్నిటికన్నా వెనక, వెన్నుపూసల వైపు ఉంటుంది. ధ్వని తరంగాలు పక్కటెముకల సందుల్లోంచి దూరి, ఊపిరితిత్తి అంచును తప్పించుకుని, ముందున్న గదులు దాటి అక్కడికి చేరాలి. అంత లోతుకు వెళ్లాలంటే 2 నుంచి 4 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడాలి, ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. పైగా ఆ కర్ణికకు పక్కన చిటికెన వేలంత సంచి ఒకటి వేలాడుతూ ఉంటుంది. డాక్టర్లు అపెండేజ్ అంటారు. చూడటానికి చెవి తమ్మెలా ఉంటుంది కాబట్టి ఇక్కడ చెవి సంచి అందాం. మూతి ఇరుకు. లోపల ఒకటికి మించి పాయలు. గోడ నున్నగా ఉండదు, దువ్వెన పళ్లలా కండ పోగులు ఉంటాయి. ఛాతీ ఎకోలో ఈ సంచి లోపలి భాగం పూర్తిగా కనిపించడం అరుదు.

గుండె లయ సక్రమంగా ఉన్నంతకాలం ఆ సంచి ప్రతి దెబ్బకూ ముడుచుకుని ఖాళీ అవుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే కర్ణిక కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెడుతుంది. సంచిలోకి వెళ్లిన నెత్తురు అక్కడే నిలిచిపోతుంది, నిలిచింది గడ్డకడుతుంది. వాల్వు జబ్బు లేకుండా ఫిబ్రిలేషన్ వచ్చినవాళ్లలో ఎడమ కర్ణికలో దొరికే గడ్డల్లో 90 శాతం దాకా ఈ చెవి సంచిలోనే ఉంటాయని 1996లో వచ్చిన ఒక సమీక్ష లెక్క చెప్పింది. కీళ్లవాత జ్వరంతో మైట్రల్ వాల్వు (ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటం) బిగుసుకుపోయినవాళ్లలో అది 57 శాతం దగ్గర ఆగింది. మిగతావి సంచి దాటి కర్ణిక గదిలోకి పెరిగినవి. ఉత్తరాంధ్రకు ఈ రెండో లెక్క ముఖ్యం. మన దగ్గర ముప్ఫై, నలభై ఏళ్ల వయసులోనే మైట్రల్ వాల్వు బిగుసుకుపోయి వచ్చే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఎడమ కర్ణిక ఏళ్ల తరబడి సాగిపోయి ఉంటుంది. అలాంటి గదిలో కోడిగుడ్డంత గడ్డ ఒక మూల పొరలు పొరలుగా పేరుకుని గోడలా కలిసిపోయి ఉన్నా ఎకోలో గోడే అనిపిస్తుంది. అదే లయ సక్రమంగా ఉన్న మనిషిలో గడ్డ ఉండదా అంటే, వాల్వు బాగా ఇరుకైతే లయ చెడకుండానే కట్టవచ్చు. ఈసీజీ బాగుంది కదా అని ధీమాపడకూడదు.

గుండెపోటు వచ్చినవాళ్ల సంగతి వేరు. ముందు గోడ దెబ్బతిని ఎడమ జఠరిక (కింది గది) కొన కదలడం మానేస్తే గడ్డ ఆ కొనలో కడుతుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు వారాల్లో. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. గుండెపోటు వచ్చిన మర్నాడు చేసిన ఎకో ఫైల్లో ఉంటుంది, బైపాస్ మూడు వారాల తరువాత జరుగుతుంది. ఆ రిపోర్టు అబద్ధం కాదు, కాలం చెల్లినది. ఆ రోజు గడ్డ నిజంగానే లేదు. జఠరిక కొనకు అన్నవాహికలోంచి చేసే ఎకో కూడా అంతగా పనికిరాదు, అక్కడి నుంచి ఆ కొనే అన్నిటికన్నా దూరం. దానికి ఛాతీ ఎకోయే మేలు, ప్రోబ్ కిందనే ఉంటుంది. బొమ్మ తేలకపోతే సిరలోకి కాంట్రాస్ట్ (బొమ్మను తేటపరిచే మందు) ఇచ్చి చూడాలి. ఇంకా అనుమానం మిగిలితే గడోలినియం అనే కాంట్రాస్ట్ ఇచ్చి తీసే కార్డియాక్ ఎంఆర్ఐ అన్నిటికంటే నిక్కచ్చి. వెనక గదికి అన్నవాహిక ఎకో, ముందు కొనకు ఛాతీ ఎకో: ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయడం సరికాదు.

కుడి వైపున కట్టేవాటికి కారణాలు వేరు. డయాలసిస్ కోసం నెలల తరబడి ఉంచిన గొట్టం కొన మీద, పేస్‌మేకర్ తీగల మీద కడతాయి. కాళ్ల సిరల్లోంచి జారిన గడ్డ దారిలో కుడి కర్ణికలో చిక్కుకోవడమూ ఉంది. మెడ సిరలో లైను వేసేటప్పుడు లోపలికి తోసే గైడ్‌వైరు ఇలాంటి గడ్డను కదిలించగలదు. కాబట్టి కాలి వాపు, పాత గొట్టాలు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో ముందు ఎకో చూసి, తరువాతే మెడ లైను వేయాలి. గుండె కుడి గదుల్లోంచి ఊపిరితిత్తి ధమని దాకా వెళ్లే స్వాన్ గాంజ్ కాథెటర్ తోయడం మానుకోవాలి.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించే గడ్డ వీటిలో ఏదీ కాదు. తప్పించదగ్గది కాబట్టి అది మరీ బాధ. నెత్తురు గడ్డకట్టకుండా వాడే మాత్ర ఆపాక, ఆపరేషన్ అయ్యేలోగా కట్టేది. మైట్రల్ వాల్వు రోగి ఏసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వాడుతుంటాడు. ఆపరేషన్‌కు ముందు వార్ఫరిన్ 5 రోజులు, ఏసిట్రోమ్ సుమారు 3 రోజులు ఆపాలి, ఏసిట్రోమ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. ఈ మధ్య రోజుల్లో గడ్డ ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు, మాత్రకు బదులుగా, ఇనాక్సాపారిన్ సూది కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి, ఆఖరి డోసుకూ ఆపరేషన్‌కూ మధ్య 24 గంటల ఎడం ఉంచుతారు. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకు డోసు తగ్గించాలి, లేదా అలాంటిదే అయిన హెపారిన్ మందు డ్రిప్ పెట్టి ఆపరేషన్‌కు 4 నుంచి 6 గంటల ముందు ఆపాలి. కాగితం మీద ఇది తేలికే. జరిగేది ఏమిటంటే, సోమవారం ఆపరేషన్ అనుకుని మాత్ర ఆపుతారు. పడక దొరకదు, అనుమతి కాగితం రాదు, రక్తదాతలు చాలరు, జలుబు చేసి మత్తు డాక్టరు వద్దంటారు. తేదీ వారం వెనక్కి, మరో వారం వెనక్కి పోతుంది. ‘మాత్ర మళ్లీ మొదలుపెట్టండి’ అని చెప్పేవాళ్లు ఉండరు, అడగాలని రోగికి తోచదు. ఇంతలో 15 రోజులు గడుస్తాయి. ఫైల్లోని ఎకో నెల కిందటిది. అందులో ‘గడ్డ లేదు’.

వాయిదా పడిన ప్రతి ఆపరేషన్‌కూ డిశ్చార్జి కాగితం మీద ఒక్క వాక్యం ఎర్ర సిరాతో రాయాలని మా మనవి: ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఏసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. కాబట్టి ‘ఒక మాత్ర’ అని రాస్తే చాలదు, బలం రాయాలి.

ఇక ఆపరేషన్ బల్ల మీద. రోగికి మత్తు ఇచ్చి, శ్వాస గొట్టం వేశాక, ఛాతీ కోయకముందు, టీఈఈ అని పిలిచే అన్నవాహిక ఎకో ప్రోబ్ లోపలికి వెళ్లాలి. అన్నవాహిక ఎడమ కర్ణిక వీపుకు ఆనుకుని ఉంటుంది, మధ్యలో కొద్ది మిల్లీమీటర్లే. అందుకే 5 నుంచి 7 మెగాహెర్ట్జ్ తరంగాలతో చూడవచ్చు, చెవి సంచి పాయలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. కడుపులోని గాలి, నీరు ముందే లాగేయాలి. జెల్ రాసి, కింది దవడ ఎత్తి, మెల్లగా దించాలి. అడ్డం తగిలితే తోయకూడదు, లారింగోస్కోప్‌తో చూసి మళ్లీ ప్రయత్నించాలి. ప్రోబ్ కొన వంచి లాక్ వేసి జరపకూడదు, అన్నవాహిక చిరగడానికి అదొక కారణం. అన్నవాహిక ఇరుకైనవాళ్లకూ, అక్కడ వాపు సిరలు ఉన్నవాళ్లకూ, ఈమధ్యనే అన్నవాహిక ఆపరేషన్ అయినవాళ్లకూ ఇది వద్దు. అలాంటివాళ్లకు ఛాతీ తెరిచాక స్టెరైల్ తొడుగు వేసిన ప్రోబ్‌ను గుండె మీద సెలైన్ పోసి తాకీ తాకనట్టు ఉంచి చూడవచ్చు.

చూడటం అంటే ఒక్క కోణంలో చూసి సరే అనుకోవడం కాదు. 0, 45, 90, 135 డిగ్రీలు తిప్పుతూ సంచిని కొస దాకా చూడాలి. ఒక కోణంలో కనిపించింది రెండో కోణంలోనూ కనిపిస్తేనే గడ్డ. కండ పోగులు గడ్డను పోలి ఉంటాయి, కానీ గోడతో పాటే కదులుతాయి, చిక్కదనం గోడలాగే ఉంటుంది. సంచికీ ఎడమ వైపు పై ఊపిరితిత్తి సిరకీ మధ్య ఒక మడత ఉంటుంది. దాన్ని కుమడిన్ రిడ్జ్ అంటారు. పూర్వం ఆ మడతను గడ్డ అనుకుని రోగులకు కుమడిన్ మాత్రలు పెట్టిన కారణంగా వచ్చిన పేరది. కుడి కర్ణికలో కొందరికి సహజంగానే ఉండే పొరలు, యూస్టేకియన్ వాల్వు, కియారీ వల కూడా ఇలాగే మోసం చేస్తాయి. సంచి మూతిలో డాప్లర్ పెట్టి నెత్తురు వేగం కొలవాలి. సెకనుకు 40 సెంటీమీటర్లు దాటితే నింపాది. 20 కంటే తగ్గితే గడ్డ కనిపించకపోయినా అనుమానం వదలకూడదు. కర్ణికలో పొగలాంటిది సుడులు తిరుగుతూ కనిపిస్తే అది గడ్డ కాదు గానీ, గడ్డకు ముందు దశ. ఈ పరిశీలనంతా శిక్షణ ఉన్న చేతికి ఐదు నిమిషాల పని. వాల్వు ఆపరేషన్లలో ఎలాగూ ప్రోబ్ వేస్తారు, కాని కళ్లన్నీ వాల్వు మీదే ఉంటాయి. చాలా చోట్ల బైపాస్ ఆపరేషన్లకు ప్రోబే వేయరు. ఫిబ్రిలేషన్ ఉన్న ప్రతి బైపాస్ రోగికీ, ఈమధ్య ముందు గోడ గుండెపోటు వచ్చిన ప్రతి రోగికీ వేసి తీరాలన్నది మా గట్టి అభిప్రాయం.

గడ్డ కనిపించింది అనుకుందాం. మొదటి పని, ఆ మాట గట్టిగా చెప్పి థియేటర్లో అందరి చేతులూ ఆపించడం. గడ్డ అక్కడే కదలకుండా ఉన్నంతసేపూ రోగికి ఏమీ కాదు. అది ఊడి అయోర్టాలోకి (గుండె నుంచి ఒంటికి నెత్తురు తీసుకెళ్లే పెద్ద ధమనిలోకి) వెళ్లే ప్రమాదం ఎక్కువయ్యేది మనం గుండెను పట్టుకుని తిప్పినప్పుడు. ఫిబ్రిలేషన్ ఉంటే ఉండనివ్వాలి, బీపీ నిలుస్తున్నంతవరకు షాక్ ఇచ్చి లయ సరిచేయబోకూడదు, లయ తిరిగి రాగానే ముడుచుకునే కర్ణికే గడ్డను బయటికి నెడుతుంది. పంప్ (గుండె, ఊపిరితిత్తుల పనిని ఆ కాసేపు చేసే యంత్రం) లేకుండా, కొట్టుకుంటున్న గుండెను పైకెత్తి పక్కకు వంచి చేసే బైపాస్ ఆలోచన అక్కడితో మానుకుని పంప్ మీదకు మారాలి. అయోర్టాలో కాన్యులా (పంప్‌కు కలిపే గొట్టం) పెట్టేటప్పుడు గుండెను తాకకూడదు. కుడి పక్క ఊపిరితిత్తి సిర గుండా ఎడమ వైపుకు వెంట్ (లోపలి నెత్తురును లాగేసే గొట్టం) వేసే అలవాటు చాలామందికి ఉంది. అయోర్టాను మూసే క్లాంప్ పడకముందు అది వద్దు, ఆ గొట్టం కొన వెళ్లేది సరిగ్గా గడ్డ ఉన్న గదిలోకే. గడ్డ కుడి కర్ణికలో ఉంటే ఆ కర్ణికలోకి పెద్ద గొట్టం గుచ్చకుండా పై సిరకు నేరుగా, కింది సిరకు తొడ దగ్గర నుంచి కాన్యులాలు పెట్టాలి. పంప్ మొదలై గుండె ఖాళీ అవ్వగానే అయోర్టాకు క్లాంప్ వేసి కార్డియోప్లీజియా ఇచ్చి గుండెను ఆపాలి. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఎత్తకూడదు. ఈ వరుస ఒక్క అడుగు తప్పినా గడ్డ ముక్క మెదడుకు వెళ్లే దారి తెరుచుకుంటుంది.

క్లాంప్ పడ్డాక తొందర లేదు. ఎడమ కర్ణికను, రెండు కర్ణికల మధ్య గాడి దగ్గర తెరిచి, ముందుగా మైట్రల్ వాల్వు రంధ్రంలో తడి గాజ్ (పలచటి నూలు) గుడ్డ ఉంచాలి. రాలిన ముక్కలు జఠరికలో పడితే వాల్వును పట్టి ఉంచే తీగల మధ్య వెతకడం కష్టం. కొత్త గడ్డ ఎర్రగా, జెల్లీలా ఉండి చేతికే వస్తుంది. పాతది పొరలుగా, తెల్లటి రబ్బరులా గోడకు అంటుకుని ఉంటుంది, ఒక్కోసారి సున్నం పట్టి కూడా. దాన్ని గోడ నుంచి లాగి పీకకూడదు. పొర దొరికిన చోట నుంచి మెల్లగా విడదీస్తూ రావాలి, ఎక్కడైనా గోడ పలచబడుతోందనిపిస్తే ఆ కాస్తా వదిలేయడమే తెలివి. చిన్న ముక్కలు పీల్చడానికి పంప్ సక్కర్ వాడకూడదు, ఆ నెత్తురు తిరిగి ఒంట్లోకే వెళుతుంది. గోడకున్న మామూలు సక్షన్ వాడాలి. నాలుగు ఊపిరితిత్తి సిరల మూతులూ, చెవి సంచి లోపలా చూడాలి. చల్లని సెలైన్‌తో పలుమార్లు కడగాలి. తీసిన ముక్కలన్నీ ఒక గిన్నెలో పేర్చి, ఎకోలో కొలిచిన కొలతతో సరిచూడటం మంచి అలవాటు: ఎకోలో 3 సెంటీమీటర్లు కనిపించి గిన్నెలో ఒకటిన్నరే ఉంటే మిగతాది ఎక్కడో ఉన్నట్టే. తరువాత అన్నీ పాథాలజీకి పంపాలి. గడ్డ అనుకున్నది మిక్సోమా (గుండెలో పెరిగే కణితి) కావచ్చు, ఇన్ఫెక్షన్ పట్టిన గడ్డ కావచ్చు. మూసే ముందు చెవి సంచిని కోసివేయాలి, లేదా స్టేపుల్ చేయాలి, లేదా రెండు వరుసల కుట్టు వేయాలి. ఒక్క దారంతో మూతి బిగించి వదిలేస్తే కొంతకాలానికి సందు తెరుచుకుంటుంది. మిగిలిన మొదలు 1 సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలి, అది పంప్ దిగాక ఎకోలో చూసుకోవాలి. ఈ సంచి మూసివేత ఉత్తి ముందుజాగ్రత్త కాదు. ఫిబ్రిలేషన్ ఉండి వేరే కారణంతో గుండె ఆపరేషన్ చేయించుకున్న 4,800 మంది మీద జరిపి 2021లో ప్రచురించిన లావోస్-3 (LAOS III) పరీక్షలో, సంచి మూసినవాళ్లలో 4.8 శాతానికీ, మూయనివాళ్లలో 7 శాతానికీ పక్షవాతం లేదా గడ్డ కొట్టుకుపోవడం జరిగింది. అందులో చాలామంది మాత్రలు వాడుతున్నవాళ్లే.

జఠరిక కొనలోని గడ్డకు పద్ధతి వేరు. దెబ్బతిన్న మచ్చ మీదే, ముందు రక్తనాళానికి రెండు సెంటీమీటర్లు ఎడంగా కోసి తీసి, ఫెల్ట్ పట్టీలతో కుడతారు. కాని గోడకు చదునుగా అంటుకున్న పాత గడ్డను తీయడానికి మంచి కండను కోయాల్సి వస్తే, వదిలేసి మాత్రలతో కరిగించుకోవడమే నయం. లోపలికి పొడుచుకొచ్చి ఊగుతున్నది మాత్రం తీయాల్సిందే.

బల్ల మీదే పుట్టే గడ్డలూ ఉన్నాయి. పంప్ నడిపే పర్ఫ్యూజనిస్టుకు పీడకల అదే. పంప్ మీదకు వెళ్లే ముందు కిలోకు 300 నుంచి 400 యూనిట్ల హెపారిన్ ఇస్తారు, అంటే 60 కిలోల మనిషికి 18,000 నుంచి 24,000 యూనిట్లు. మార్కెట్లో ఒకే సైజు 5 మిల్లీలీటర్ల సీసాల్లో రెండు బలాలు దొరుకుతాయి: ఒకటి మొత్తం 5,000 యూనిట్లది, ఇంకొకటి 25,000ది. ట్రేలో ఈ రెండూ పక్కపక్కన ఉంచితే పొరపాటు ఎప్పుడో ఒకప్పుడు జరిగి తీరుతుంది. 5,000 సీసా థియేటర్లోకే రాకుండా చేయడం మేలైన పని. మందు సెంట్రల్ లైనులోంచి వెళ్లిందని నెత్తురు వెనక్కి లాగి చూసుకోవాలి. మూడు నిమిషాల తరువాత ఏసీటీ (నెత్తురు గడ్డకట్టడానికి పట్టే సమయం) చూడాలి. మామూలుగా అది 80 నుంచి 120 సెకన్లు, పంప్‌కు 480 దాటాలి. దాటకపోతే పంప్ మొదలుపెట్టకూడదు. ముందుగా వేరే కొత్త సీసా నుంచి ఇంకొంత ఇచ్చి చూడాలి. అప్పటికీ పెరగకపోతే ఒంట్లో యాంటీథ్రాంబిన్ (హెపారిన్ పనిచేయడానికి కావాల్సిన ప్రోటీన్) తక్కువై ఉండవచ్చు. వారం రోజులుగా హెపారిన్ డ్రిప్ మీద ఉన్న రోగుల్లో ఇది తరచూ ఎదురవుతుంది. అప్పుడు యాంటీథ్రాంబిన్ గానీ, అది దొరకకపోతే రెండు యూనిట్ల ప్లాస్మా గానీ ఇవ్వాలి. హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల్లో ప్లేట్‌లెట్లు సగానికి పడిపోయిన రోగి అయితే అది వేరే ప్రమాదం. హెపారినే గడ్డలు కట్టించే స్థితి అది. ఆపరేషన్ వాయిదా వేయగలిగితే వేయడమే మంచిది.

పంప్ నడుస్తున్నంతసేపూ అరగంటకొకసారి ఏసీటీ చూడాలి. ఒళ్లు చల్లబడినప్పుడు, నెత్తురు పలచబడినప్పుడు హెపారిన్ తగ్గిపోయినా ఏసీటీ ఎక్కువే చూపిస్తుంది, కాబట్టి అంకె ఒక్కటే నమ్మకూడదు. పంప్‌లో నెత్తురుకు ఆక్సిజన్ ఎక్కించే ఆక్సిజనేటర్‌కు ముందు ఒత్తిడి పెరుగుతూ పోవడం, నెత్తురు నిలవుండే రిజర్వాయర్ అడుగున నల్లటి పీచులు కనిపించడం అసలు హెచ్చరికలు. చివర్లో హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమిన్ ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కు 1 మిల్లీగ్రాము చొప్పున, పది నిమిషాలకు తగ్గకుండా మెల్లగా ఇవ్వాలి. మూడో వంతు వెళ్లేలోగా పంప్ సక్కర్లు ఆగిపోవాలి, లేకపోతే ప్రోటమిన్ కలిసిన నెత్తురు రిజర్వాయర్‌లోకి వెళ్లి గడ్డకడుతుంది, అప్పుడు అవసరం పడి మళ్లీ పంప్ మీదకు వెళ్లాలంటే దారి ఉండదు. ఈ సమయంలో ఎకో తెర మీద కన్ను వేసి ఉంచాలి. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ఫ్యాక్టర్లు ఎక్కువగా ఎక్కించాల్సి వచ్చిన రోగిలో కర్ణికలో పొగ లేచి, చూస్తుండగానే గడ్డగా మారడం జరగవచ్చు. కనిపించగానే మళ్లీ పూర్తి డోసు హెపారిన్ ఇచ్చి పంప్ మీదకు వెళ్లడం తప్ప మార్గం లేదు. గడ్డ ఉందని ముందే తెలిసిన రోగికి, నెత్తురు కారడం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్‌ను హెపారిన్ పూర్తిగా పనిచేశాకే ఇవ్వడం మేలని మేం నమ్ముతాం.

ఐసీయూలో రోగి తెలివిలోకి రాగానే రెండు చేతులూ, రెండు కాళ్లూ కదుపుతున్నాడా, కనుపాపలు సమానంగా ఉన్నాయా, రెండు మణికట్లలో, రెండు పాదాల మీద నాడి అందుతోందా చూడాలి. కాలు చల్లబడి, తెల్లబడి, నొప్పి అంటే ఫోగర్టీ కాథెటర్‌తో (కొన దగ్గర బుడగ ఉన్న సన్నని గొట్టంతో) ఆ గడ్డను తీయడానికి ఆరు గంటలే గడువు. డ్రెయిన్లలో నెత్తురు తగ్గాక, సాధారణంగా 12 నుంచి 24 గంటల తరువాత, హెపారిన్ మళ్లీ మొదలవుతుంది.

ఆ తరువాత కథంతా ఊళ్లో జరుగుతుంది, ఐఎన్ఆర్ మీద, అంటే మాత్ర నెత్తురును ఎంత పలచబరిచిందో చెప్పే పరీక్ష అంకె మీద. మైట్రల్ ఇరుకుతో ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు అది 2 నుంచి 3 మధ్య, మెటల్ మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అని కొందరు మార్పించుకుంటున్నారు. మెటల్ వాల్వుకు అవి పనికిరావు. కీళ్లవాత వాల్వు జబ్బుతో ఫిబ్రిలేషన్ ఉన్న 4,500 మందికి పైగా రోగుల మీద జరిపి 2022లో ప్రచురించిన ఇన్విక్టస్ పరీక్షలో, ఆ కొత్త మాత్రల్లో ఒకటైన రివరోక్సాబాన్ కంటే పాత మాత్రలే మేలని, మరణాలు కూడా వాటితోనే తక్కువని తేలింది. గోంగూర, తోటకూర, మునగాకు మానేయమని చెప్పడం తప్పు. వారం వారం ఒకే పాళంలో తినమని చెప్పాలి. కార్తీకమాసంలోనో, మాల వేసుకున్నప్పుడో తిండి ఒక్కసారిగా మారిపోతుంది, ఆ నెలలో ఒక పరీక్ష అదనంగా చేయించుకోవాలి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్ ఐఎన్ఆర్‌ను ఎగదోస్తాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ దించేస్తుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే పిరుదులో నెత్తురు గూడు కట్టవచ్చు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మాత్ర ఆపేసి, వాల్వు మీద గడ్డ కట్టించుకుని వచ్చే ఆడపిల్లల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆపకూడదు, ఆ వారంలోనే గుండె డాక్టరు దగ్గరికి రావాలి, మందు మార్చే పద్ధతి ఉంది. మెటల్ వాల్వు ఉన్నవాళ్లకు తెలిసిన ఆ టిక్కుటిక్కు శబ్దం మందగించినా అదే రోజు బయల్దేరాలి. తుఫాను రోజుల్లో, 2014లో హుద్‌హుద్ తరువాత మనం చూసినట్టు, దుకాణాలూ ల్యాబులూ మూతపడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వారాల మాత్రలు ఇంట్లో ఉంచుకోవడం అవసరం.

కాని ఐఎన్ఆర్ చూపించుకోవడానికి చింతపల్లి నుంచో సీతంపేట నుంచో రోజు కూలి వదులుకుని, బస్సు పట్టుకుని రావాలంటే ఎన్నిసార్లు వస్తారు? వేలి నుంచి ఒక్క చుక్క తీసి ఒకటి రెండు నిమిషాల్లో ఐఎన్ఆర్ చెప్పే చిన్న మీటర్లు ఉన్నాయి, షుగర్ మీటరు వాడగలిగిన నర్సు వీటినీ వాడగలదు. ఏజెన్సీలోని ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక మీటరు, తగినన్ని స్ట్రిప్పులు, ఫోన్లో డోసు చెప్పడానికి విశాఖలో ఒక డాక్టరు ఉంటే చాలు. కీళ్లవాత జ్వరం వచ్చిన పిల్లలకు 21 రోజులకొకసారి వేసే బెంజాథీన్ పెనిసిలిన్ సూది కోసం వచ్చేవాళ్ల జాబితా అక్కడ ఎలాగూ ఉండాలి. ఇదీ ఆ పుస్తకంలోనే రాయవచ్చు.

ఎకో రిపోర్టు నమూనాను కూడా మార్చాలి. గడ్డ గురించిన గడిలో ‘ఉంది, లేదు’ అనే రెండు మాటలకు బదులు నాలుగు ఉండాలి: కనిపించింది, కనిపించలేదు, చెవి సంచి సరిగా కనిపించలేదు, టీఈఈ అవసరం. పక్కనే పరీక్ష చేసిన తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆపరేషన్‌కు చేర్చుకునేటప్పుడు ఆ తేదీ 15 రోజులు దాటితే ఎకో మళ్లీ తీయాలి, మధ్యలో మాత్ర ఆగి ఉంటే ఎన్ని రోజులు ఆగిందో ఫైలు మొదటి పేజీలో రాయాలి. బంధువులు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగవచ్చు, ఏ డాక్టరూ తప్పుపట్టరు: ‘మత్తు ఇచ్చాక గుండెను ముట్టుకునే ముందు ఇంకోసారి ఎకో చూస్తారా అండీ?’

ఇట్లు,
విశాఖపట్నంలో కార్డియాక్ అనస్థీషియా, గుండె శస్త్రచికిత్స, పర్ఫ్యూజన్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు